సగం తగ్గిందని నేను చెప్పలేదు

పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళలో నా గురించి ఒక మాట ఉంది. కారం మిల్లు ఆయన హైదరాబాదు వెళ్ళి వెన్నులో కరెంటు మిషను పెట్టించుకున్నాడు, అది పనిచెయ్యలేదు, డాక్టర్లు మోసం చేశారు అని. ఆ మాట చీరాల దాకా పోయింది. పుట్టించింది నేనే. అందులో మొదటి ముక్క నిజం, మిగతా రెండూ అబద్ధం. ఆ అబద్ధం నమ్మి ఒక నేతగాడు రెండేళ్ళు మగ్గంలో కూర్చోలేదు.

ఇప్పుడు 2009. నా నొప్పి ఒక దారికి వచ్చింది. గంటసేపు కుదురుగా కూర్చుని రాయగలుగుతున్నాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

1998, మిరప సీజను

మార్చి నెలలో మా మిల్లు ముందు ఆడవాళ్ళు బారులు తీరి ఉంటారు. ముచ్చికలు తీసి ఎండబెట్టిన కాయలు తెచ్చుకుని, ఏడాదికి సరిపడా కారం పట్టించుకుని పోతారు. ఆ రోజు పనివాళ్ళు ఇద్దరూ రాలేదు. ఒక వ్యాపారి టిక్కీ దింపి వెళ్ళాడు. నలభై కిలోల మిరపకాయల బస్తాని మా వైపు టిక్కీ అంటారు. దాన్ని నేనే ఎత్తి, భుజం మీద పెట్టుకోకుండా, పక్కకి తిరిగి మిల్లు తొట్టిలోకి వంచాను. నడుంలో పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు నాకొక్కడికే వినిపించింది.

నాలుగు రోజులు చాప మీద పడుకున్నాను. అయిదో రోజుకి నొప్పి నడుంలో నుంచి పిర్రలోకి, అక్కడి నుంచి ఎడమ మడమ దాకా దిగింది. కారం మిల్లువాడికి దాన్ని చెప్పడానికి వేరే మాట దొరకలేదు. కాల్లో పచ్చికారం కూరినట్టుండేది.

1999 నుంచి 2003 దాకా

గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకున్నాను. ఆ డాక్టరు గారి తప్పేమీ లేదు. నడుం నొప్పి కొంత తగ్గింది కూడా. కాలు మాత్రం తగ్గలేదు. ఆరు నెలల తర్వాత ఫోటో తీసి, లైటుకి ఎదురుగా పట్టుకుని, "నరం మీద ఒత్తిడేం లేదండీ, చాలా బాగుంది" అన్నారు.

"ఫోటో బాగుంది సరే, మనిషి సంగతేంటండీ?" అంది నా భార్య కోటేశ్వరి.

ఆయన మందు మార్చి రాశారు.

ఆ నాలుగేళ్ళూ నేను చూసినవి ఎక్కువగా బల్లలే. చెక్క బల్లలు, సిమెంటు బల్లలు, కూర్చుంటే జారిపోయే ప్లాస్టిక్ కుర్చీలు. కూర్చోలేనివాణ్ణి కూర్చోబెట్టి గంటలు గంటలు ఆపుతారు. నిలబడితే, "పేరు పిలుస్తాం, కూర్చోండి" అంటారు. నడుం బెల్టులు కట్టాను. పిక్కకి కరెంటు పెట్టించుకున్నాను. సింగరాయకొండ దగ్గర ఎవరో నరం లాగుతాడంటే అక్కడికీ వెళ్ళాను. లాగాడు. వారం రోజులు మంచం దిగలేదు.

ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్న మంచి మనిషి బ్రాడీపేటలో ఒక ఆటో ఆయన. బస్టాండు నుంచి ఆసుపత్రి దాకా ప్రతి గతుకునీ ముందే చెప్పేవాడు. "గుంట వస్తందండీ, పట్టుకోండి. ఇంకోటి. ఇది చిన్నదే." పేరు అడగలేదు. నన్ను నమ్మినవాడు అతనొక్కడే అనిపించేది.

ఎందుకంటే మిగతావాళ్ళకి నా నొప్పి కనపడదు. కట్టు లేదు, కుంటు పెద్దగా లేదు, తిండి తింటున్నాను. మా ఊళ్ళో నాతోపాటు చదువుకున్నవాడు మిల్లు ముందు నిలబడి, "ఏరా, పని చెయ్యడం ఇష్టం లేకపోతే చెప్పు, మేమేం అనుకోం" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. నేనూ నవ్వి, ఇంటికి వెళ్ళి కోటేశ్వరి మీద అరిచేవాణ్ణి. ఒకసారి మజ్జిగ గ్లాసు గోడకి కొట్టాను. ఆమె గోడ తుడుస్తూ, "కాలు నొప్పి మీకు. చెయ్యికేం వచ్చింది?" అంది.

2004

హైదరాబాదులో నొప్పికే వైద్యం చేసే డాక్టరు ఉన్నారని కోటేశ్వరే కనుక్కుంది. ఆయన నా పాత ఫోటోలు పక్కన పెట్టి, అరగంట నా చేత మాట్లాడించారు. నా నరం నయమయ్యే దశ దాటిపోయిందనీ, దెబ్బ పోయినా నొప్పి కబురు మాత్రం మెదడుకి పోతూనే ఉందనీ చెప్పారు. వెన్నులో నరాల తాడు పక్కన సన్నటి తీగలు పెట్టి, చిన్న మిషనుతో కొద్దికొద్దిగా కరెంటు పంపిస్తారట. ఆ సందడిలో నొప్పి కబురు సరిగా వినపడదట.

"పెళ్ళింట్లో మైకు పెట్టినట్టాండీ? పక్కవాడి మాట వినపడకుండా?" అని అడిగింది కోటేశ్వరి.

ఆయన నవ్వి, "సరిగ్గా అదేనమ్మా. కానీ పక్కవాడు మాట్లాడటం మానడు. నొప్పి పూర్తిగా పోతుందని నేను చెప్పను. సగం తగ్గితే మంచి ఫలితమే" అన్నారు.

ఆ సగం అన్న మాట కోటేశ్వరి విన్నది. నేను విన్నాననుకున్నాను.

ముందు వారం రోజులు పరీక్ష. తీగలు లోపల, మిషను బయట నడుముకి కట్టి చూస్తారు. తగ్గితేనే రెండోసారి మిషను లోపల పెడతారు. మొదటి రోజు కాల్లో సోడా పోసినట్టు చిమచిమలాడింది. రోజూ పదికి ఎంత నొప్పి అని అడిగి రాసుకునేవారు. ఎనిమిది ఆరయింది, ఆరు నాలుగయింది. మూడో రోజు వరండాలో నిలబడి కోటేశ్వరితో మా మేనకోడలి సంబంధం గురించి వాదిస్తున్నాను. ఆమె మాట మధ్యలో ఆపి, "మీరు గోడకి ఆనుకోలేదు" అంది.

మిషను లోపల పెట్టే ముందు, దాన్ని సరిచేసే మేడమ్ గారు వివరాలు రాసుకున్నారు. "ఏం పని చేస్తారు?"

"కారం మి..." అని కోటేశ్వరి మొదలుపెట్టింది. నేను అడ్డుకుని, "వ్యాపారం అండీ" అన్నాను. మిల్లని తెలిస్తే పని మానెయ్యమంటారని భయం. వ్యాపారం అనగానే ఆవిడ గుమస్తా బల్ల దగ్గర కూర్చునే మనిషిని ఊహించుకుని ఉంటారు. అయస్కాంతాలకి దూరంగా ఉండమన్నారు. తల ఊపాను. మిషనుని ఎడమవైపు పొట్ట మీద చర్మం కింద పెట్టారు. దాన్ని ఆపడానికీ, మళ్ళీ నడపడానికీ చేతిలో పట్టుకునే రిమోటు ఒకటి ఇచ్చారు. కారం దుమ్ము పడుతుందని కోటేశ్వరి దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది.

కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, బయట బల్ల మీద నాగభూషణం గారు పరిచయమయ్యారు. చీరాల పక్క ఊళ్ళో నేతపని. నాకంటే పదేళ్ళు చిన్న. ఆయనకీ నాలాగే ఆపరేషనయింది, నాలాగే కాలు మిగిలింది. "మీ పక్క ఊరాయన పెట్టించుకున్నారు, అడిగి చూడండి" అని డాక్టరు గారే ఆయన్ని నా దగ్గరికి పంపారు.

"మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పదహారేళ్ళప్పటి నుంచీ తొక్కుతున్నానండీ," అన్నాడాయన. "ఇప్పుడు పావుగంట కూర్చుంటే మా ఆవిడ వచ్చి పైకి లాగాలి. బావిలో పడ్డ బిందెని తీసినట్టు."

పక్కన ఆయన భార్య సుశీల, "బిందె అయితే తేలిగ్గా వచ్చేది" అంది.

అందరం నవ్వాం. ఫోన్ నంబర్లు రాసుకున్నాం. "మీకు ఎలా ఉంటుందో చూసి, మీరు ఊఁ అంటే నేనూ పెట్టించుకుంటానండీ" అన్నాడు. సరే అన్నాను.

2005, మళ్ళీ సీజను

మూడు నెలలు బాగుంది. ఫిబ్రవరిలో మిల్లుకి పోవడం మొదలుపెట్టాను. బరువులు ఎత్తలేదు, వంగలేదు, చెప్పినట్టే ఉన్నాను. అయినా ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కాల్లో చిమచిమ ఆగిపోయింది. సాయంత్రానికి కారం మళ్ళీ మడమ దాకా దిగింది. మర్నాడు మధ్యాహ్నం దానంతట అదే వచ్చింది. ఆ తర్వాత మిల్లుకి పోకుండా ఇంట్లో ఉన్న రెండు రోజులూ బాగుంది, ఆ మర్నాడు మళ్ళీ పోయింది. ఉండీ లేనట్టు, మాట నిలకడలేని మనిషిలాగా తయారైంది మిషను.

ఊళ్ళో అందరికీ ఒకటే ప్రశ్న. "తగ్గిందా, లేదా?" సగం తగ్గింది అంటే ఎవరికీ ఆనదు. అంత దూరం పోయి, అంత చేయించుకుని సగమా అని ముఖం పెడతారు. నాతో చదువుకున్నవాడు, "కరెంటు పోతే నువ్వూ ఆగిపోతావంటగా" అన్నాడు. మిషను అప్పుడు నిజంగానే ఆగి ఉంది. నాకు నవ్వు రాలేదు.

హైదరాబాదుకి ఫోన్ చేస్తే, "రిమోటు పెట్టి చూశారా? ఒకసారి రండి, పరీక్ష చేస్తాం" అన్నారు. సీజనులో ఎలా వస్తాను? రిమోటు బీరువాలో ఉంది. తీసి చూడలేదు. నొప్పి ఉన్నవాడికి ఓపిక ఉండదని లోకం సరిపెట్టుకుంటుంది. నేను కూడా దాన్ని బాగా వాడుకున్నాను. కనపడిన ప్రతివాడికీ దగా అని చెప్పాను.

నాగభూషణం గారి ఫోన్ ఉగాది ముందు వచ్చింది. పరీక్షకి తేదీ ఇచ్చారట.

"వెళ్ళబాకండి," అన్నాను. "మీ మంచి కోరి చెబుతున్నా. అదంతా మోసం."

"అసలేం పనిచెయ్యలేదాండీ? మొదట్లో కూడా?" అన్నాడు.

"మొదట్లో ఏదో అనిపించింది. అంతా మన భ్రమ."

"అలాగేనండీ. అనుభవం ఉన్నవారు, మీరు చెప్పాక ఇంకేముంది" అని పెట్టేశాడు. ఆ తేదీకి వెళ్ళలేదు.

జూన్‌లో కోటేశ్వరి పోరు పడలేక హైదరాబాదు వెళ్ళాను. మేడమ్ గారు పొట్ట మీద ఒక బిళ్ళ పెట్టి, మిషనులో ఏముందో చదివారు. "మిషను బాగానే ఉందండీ. ఆపేసి ఉంది. చాలాసార్లు ఆపారు, చాలాసార్లు నడిపారు. మీరే చేస్తున్నారా?"

"నేనెందుకు ఆపుతానమ్మా?"

"ఇంట్లోగానీ పనిచేసే చోటగానీ పెద్ద అయస్కాంతం ఏదైనా ఉందా? అది ఆనితే మిషను ఆగుతుంది, మళ్ళీ ఆనితే నడుస్తుంది."

"లేదు" అన్నాను. అబద్ధం చెప్పలేదు, నిజంగా తోచలేదు. బడిలో చూసిన గుర్రపునాడా లాంటి ఎర్రది గుర్తొచ్చింది, అలాంటిది మా దగ్గర లేదు. ఆవిడ మిషనుని మళ్ళీ నడిపి పంపారు.

తిరిగొచ్చిన మర్నాడు కోటేశ్వరి క్యారేజీ తీసుకుని మిల్లుకి వచ్చింది. నేను రోజూ ఆ వేళకి చేసే పనే చేస్తున్నాను. మిల్లు తొట్టి మూతి దగ్గర ఒక పలక ఉంటుంది. కాయలతోపాటు వచ్చే మేకులూ, గోతం సూది ముక్కలూ, తీగ ముక్కలూ దానికి అంటుకుంటాయి. ఒకప్పుడు ఒక మేకు లోపలికి పోయి మిల్లు లోపల కాయలు దంచే సుత్తులు విరిగాయి. అప్పుడు చుట్టుపక్కల అందరికంటే ముందు నేనే ఆ పలక పెట్టించాను. రోజూ భోజనం ముందు దాన్ని ఊడదీసి, ఎడమ చేత్తో పొట్టకి హత్తుకుని, కుడి చేత్తో మేకులన్నీ గుడ్డతో తుడిచేసేవాణ్ణి. పనివాళ్ళని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. దాన్ని మేం పలక అంటాం. పలకే అంటాం.

కోటేశ్వరి క్యారేజీ కింద పెట్టి నన్నే చూస్తూ నిలబడింది.

"ఏమండీ, ఆ పలకకి మేకులెందుకు అంటుకుంటాయి?"

నేను జవాబు చెప్పకముందే కాల్లో చిమచిమ ఆగింది. పలకని బల్ల మీద పెట్టాను. మళ్ళీ తీసుకుని ఎడమవైపు పొట్టకి ఆనించాను. చిమచిమ వచ్చింది. తీశాను. ఇంకోసారి ఆనించాను. ఆగింది. మిల్లులో కారం ఘాటుకి ఇద్దరం దగ్గుతున్నాం. కోటేశ్వరి కళ్ళు తుడుచుకుంది. ఏడ్చిందో, ఘాటుకో అడగలేదు.

ఆ రోజు నుంచి పలక తుడిచే పని పనివాడికి అప్పగించాను. ఎందుకో చెప్పలేదు. బీరువాలో నుంచి రిమోటు బయటికి వచ్చింది. నొప్పి నాలుగుకి దిగి అక్కడే నిలిచింది. ఇప్పటికీ నాలుగే.

"ఎవరికీ చెప్పబాకు," అన్నాను కోటేశ్వరితో.

"నాగభూషణం గారికి?"

"నేను చెబుతాలే."

2006, 2007

చెప్పలేదు. ఎందుకో రాయడం కష్టంగా ఉంది గానీ రాయాలి. అప్పటికే ఊరందరి ముందూ ఆ డాక్టరు గారిని తిట్టి ఉన్నాను. అయస్కాంతాన్ని రోజూ పొట్టకి హత్తుకున్నవాడని తెలిస్తే నన్ను చూసి నవ్వుతారు. నాకు నొప్పి అన్నప్పుడు నమ్మనివాళ్ళు, దీన్ని మాత్రం వెంటనే నమ్ముతారు. ఏడేళ్ళు నొప్పి పడ్డందుకు ఎవరో ఒకరు దోషి కావాలి నాకు. ఆ దోషి నేనైతే ఒప్పుకోలేకపోయాను. రేపు ఫోన్ చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ ఏడాది దాటిపోయింది.

2006 చివర్లో సుశీల మిల్లుకి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, మీకు మళ్ళీ ఏమైనా గుణం కనపడిందా? ఆయన కూర్చోడం పూర్తిగా మానేశారు. బిళ్ళలకి కడుపులో మంట. డాక్టరు గారు మళ్ళీ రమ్మంటున్నారు, ఈయన మీ మాటే పట్టుకుని కదలడం లేదు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. పక్కనే కోటేశ్వరి ఉంది. నేను గోడకి ఆనుకోకుండా నిలబడి మాట్లాడుతున్నాను.

"లేదమ్మా," అన్నాను. "నా పరిస్థితీ అదే."

ఫోన్ పెట్టాక కోటేశ్వరి అన్నం పెట్టింది, మందులు ఇచ్చింది, మాట్లాడటం మానేసింది. పండక్కి పుట్టింటికి వెళ్ళి, అనుకున్న రోజుకి తిరిగొచ్చింది. వచ్చిన రోజు బట్టలు మడతపెడుతూ ఒకే మాట అంది. "ఆవిడ మళ్ళీ ఫోన్ చేస్తే నేను ఎత్తుతాను."

మర్నాడు చీరాల బస్సు ఎక్కాను.

నాగభూషణం గారి ఇంట్లో మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆయన గోడ పక్క బల్ల మీద ఒక పక్కకి తిరిగి పడుకుని, చేతికి అందేలా రాట్నం పెట్టుకుని, కండెలకి నూలు చుడుతున్నాడు. వేరేవాళ్ళ మగ్గాలకి. నన్ను చూసి లేవబోయాడు. వద్దన్నాను. సుశీల కుర్చీ తెచ్చింది.

నిలబడే చెప్పాను. వ్యాపారం అన్న మాట దగ్గర నుంచి పలక దాకా, సుశీలతో ఫోన్‌లో అన్న మాట దాకా. మధ్యలో రాట్నం ఆగింది. సుశీల లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అయితే ఆ రోజు నేను ఫోన్ చేసినప్పుడు మీకు తగ్గే ఉందా?" అంది. అన్నయ్యగారూ అనలేదు.

"తగ్గే ఉందమ్మా."

"ఎంత?"

"సగం."

నాగభూషణం గారు తిడతాడని సిద్ధపడి వెళ్ళాను. ఆయన చేతిలో కండె పక్కన పెట్టి, "ఎంతసేపు కూర్చోగలుగుతున్నారు?" అని అడిగాడు.

"గంట. ఒక్కో రోజు గంటన్నర."

దుప్పటి కప్పిన మగ్గం వైపు తిరిగాడు. చెయ్యి చాపి, బల్ల చెక్క మీద బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా ఆనించాడు. "గంటకి జానెడు నేస్తానండీ నేను. ముతక రకమైతే ఇంకొంచెం ఎక్కువే." చెయ్యి తీసేశాడు. "ఆ రోజు మీరు సగం తగ్గింది, అప్పుడప్పుడు ఆగిపోతంది అన్నా నేను వెళ్ళేవాణ్ణి. సగం నాకు ఎక్కువ."

సుశీల నాకు మంచినీళ్ళు ఇచ్చింది. ఇచ్చి నా ముఖం చూడకుండా వెళ్ళింది. అది ఆమె హక్కు. ఇప్పటికీ నాతో పెద్దగా మాట్లాడదు.

ఆ తర్వాత

ఈసారి పరీక్షకి వాళ్ళతోపాటు మేమిద్దరం వెళ్ళాం. ముందు డాక్టరు గారికి నా సంగతి చెప్పుకున్నాను. ఆయన కోప్పడకపోవడం నాకు ఇంకా కష్టమైంది. మేడమ్ గారు కాగితం తీసి, "ఏం పని చేస్తారు?" అని అడగగానే నాగభూషణం గారు మగ్గం ఎలా ఉంటుందో, గుంట ఎంత లోతో, ఏ కాలితో ఏ తొక్కుడుచెక్క తొక్కుతారో అంతా చెప్పాడు. ఆవిడ కాగితం రెండోవైపు తిప్పి రాసుకున్నారు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఇలాంటి వైద్యం చేస్తే, మీరు చేసే పని ఏమిటో, ఏం పట్టుకుంటారో, దేన్ని ఒంటికి ఆనించుకుంటారో అలాగే చెప్పండి. సిగ్గుపడబాకండి.

ఆయనకి ఎనిమిది నుంచి అయిదుకి తగ్గింది. నా అంత తగ్గలేదు. మొదటి తేదీకే వచ్చి ఉంటే ఇంకా తగ్గేదా అని డాక్టరు గారిని విడిగా అడిగాను. "ఎవరూ చెప్పలేరండీ" అన్నారు. తగ్గేది అన్నా, తగ్గేది కాదు అన్నా ఏదో ఒకటి పట్టుకుని ఉండేవాణ్ణి.

మగ్గం మీద దుప్పటి తీసేశారు. కొన్ని రోజులు ఒక జానెడు, కొన్ని రోజులు రెండు జానలు, కొన్ని రోజులు కండెలే. నెలకోసారి నేను ఫోన్ చేస్తాను. ఎలా ఉందండీ అంటే, ఆయన ఏ రోజుకారోజు ఆలోచించుకుని చెబుతాడు.

మొన్న, "ఈ నెల సగానికి కొంచెం తక్కువేనండీ" అన్నాడు. "మీకో?"

"సగం," అన్నాను.